నాచు మీది సూక్ష్మజీవులకు ఊరు లేదా?

సముద్రపు నీటిలో తేలియాడే సూక్ష్మజీవుల సముదాయాలు ప్రాంతాన్నిబట్టి, అక్కడి నీటి ఉష్ణోగ్రతనుబట్టి మారతాయి. మరి సముద్రపు నాచును అంటిపెట్టుకుని బతికే వాటి మాటేమిటి? మార్జినెల్లీ, ఆయన సహ పరిశోధకులు 2015లో ఎన్విరాన్‌మెంటల్ మైక్రోబయాలజీ పత్రికలో ప్రచురించిన పత్రం ఈ ప్రశ్నకు శీర్షికలోనే జవాబు చెప్పేసింది: ఖండమంత విస్తీర్ణంలో కనిపించే తేడాలకు కారణం ఆశ్రయమిచ్చిన నాచు స్థితి, భౌగోళికత కాదు. పత్రంలోని ఫలితాలు మాత్రం అంత తెగేసి చెప్పడం లేదు.

పని చిన్నదేమీ కాదు. ఆస్ట్రేలియా తీరపు రాతినేలపై నీటి అడుగున అడవిలా పెరిగే కెల్ప్ జాతి, ఎక్లోనియా రేడియాటా. దాని మీది సూక్ష్మజీవుల సముదాయాలను 260 సేకరించారు. 10 డిగ్రీల అక్షాంశాల, 35 డిగ్రీల రేఖాంశాల మేర వ్యాపించిన మూడు జీవభౌగోళిక మండలాల నుంచి తెచ్చిన నమూనాలవి. 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదివి వాటిలో ఏయే జీవులున్నాయో గుర్తించారు. ఆరోగ్యంగా ఉన్న కెల్ప్‌పై కనిపించే ఒక మూల సముదాయం, కెల్ప్ ఒత్తిడికి లోనైనప్పుడు చెదిరిపోతోందన్నది ముఖ్య ఫలితం. ఇంత విస్తృతమైన సేకరణ లేకుండా ఆ సంగతి తేలేది కాదు.

చిక్కు అంతా పత్రంలోని మరో ఫలితంతో వచ్చింది. ఒత్తిడికి లోనైన కెల్ప్ మీది సముదాయాలు, ఏ తీరానివైనా, ఒకదానినొకటి ఎక్కువగా పోలి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాటి మధ్య అంత పోలిక లేదు. అంటే ప్రాంతపు ముద్ర ఆరోగ్యంలోనే స్పష్టంగా ఉంది. దానిని చెరిపేస్తున్నది జబ్బు. ‘భౌగోళికత కంటే ఎక్కువ’ అని చెప్పదగిన ఫలితం, శీర్షికకు ఎక్కేసరికి ‘భౌగోళికత కాదు’ అయింది.

పైగా నాచు స్థితిని, భౌగోళికతను రెండు వేరు వేరు అంశాలుగా లెక్కలోకి తీసుకోవచ్చునా? 2011లో పశ్చిమ ఆస్ట్రేలియా సముద్రాన్ని వేడిగాలుల వంటి ఉష్ణతరంగం ముంచెత్తినప్పుడు, వెర్న్‌బెర్గ్ బృందం 2016లో చూపినట్లు, ఇదే కెల్ప్ అడవి ఉత్తరపు అంచున దాదాపు 100 కిలోమీటర్ల మేర వెనక్కి తగ్గింది. దక్షిణాన చల్లని నీటిలో ఉన్న కెల్ప్‌కు ఆ గతి పట్టలేదు. ఒత్తిడి ఎక్కడ కలుగుతుందో చెప్పేది చాలావరకు తావే. సిడ్నీ ప్రాంతపు ఎర్రనాచు డెలీసియా పుల్క్రా ఈ వరుసను మరింత స్పష్టంగా చూపుతుంది. బాక్టీరియాల పరస్పర సంకేతాలను అడ్డుకునే ఫ్యూరనోన్లు దాని రక్షణ కవచం. నీరు వేడెక్కితే అవి తగ్గుతాయి, అదను చూసి కొన్ని బాక్టీరియాలు సోకుతాయి, నాచు పాలిపోతుంది. ఇక్కడ ‘స్థితి’ కారణం ఎంతో, ఫలితం కూడా అంతే. ఏది ముందో, ఏది వెనకో ఒక్కసారి తీసిన నమూనాలతో తేలదు.

ఇది మాటల పట్టింపు కాదు. సిడ్నీ తీరంలో దాదాపు 70 కిలోమీటర్ల మేర కనుమరుగైన ఫిలోస్పోరా కొమోసా అనే మరో నాచును ఇతర తీరాల నుంచి తెచ్చి నాటుతున్నారు. ఆ పనిలో మార్జినెల్లీ కూడా ఒకరు. శీర్షికను నమ్మితే, ఆరోగ్యంగా ఉన్న నాచును ఎక్కడి నుంచి తెచ్చినా ఫరవాలేదు. లోపలి ఫలితాన్ని నమ్మితే, తెచ్చే తీరాన్ని ఎంచుకునే ముందే అక్కడి ఆరోగ్యకరమైన నాచు మీద ఏ సూక్ష్మజీవులున్నాయో చూడవలసి ఉంటుంది.