కరెంటు పోయినా ఆగని ఇంజిన్

వరంగల్ దగ్గర మామునూరులో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం 1981లో మూతపడింది. ఆ తర్వాత వరంగల్‌లో పెరిగిన మా తరానికి విమానమంటే ఆకాశంలో కదిలే చుక్కే. దాన్ని విప్పి చూసే వీలు నాకు ఫ్లైట్‌గేర్ వల్ల కలిగింది. 1997 నుంచి వలంటీర్లు రాస్తూ వస్తున్న సిమ్యులేటర్ ఇది. డబ్బు కట్టనక్కర్లేదు, పైగా లోపలి కోడ్‌ను ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు.

నాకు ఇష్టమైన పని అందులోని చిన్న విమానం సెస్నా 172పీ కరెంటు వ్యవస్థ మీద పనిచేయడం. స్విచ్ వేస్తే లైటు వెలగాలి, తీస్తే ఆరాలి అని రాసేయడం తేలిక. చాలా మోడళ్లు అక్కడే ఆగిపోతాయి. అసలు సంగతి ఆ తర్వాతే మొదలవుతుంది. విమానంలో 24 వోల్టుల బ్యాటరీ, ఇంజిన్ తిరుగుతుంటే 28 వోల్టులిచ్చే ఆల్టర్నేటర్ ఉంటాయి. రేడియోలు, లైట్లు, ఫ్లాప్‌ల మోటారు అన్నిటికీ కరెంటు వాటి నుంచే. ఆల్టర్నేటర్ పోతే వెంటనే ఏదీ ఆరిపోదు. అమ్మీటరు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, లో-వోల్టేజీ లైటు వెలుగుతుంది. ఇక బరువంతా బ్యాటరీ మీదే. దాని శక్తి 12.75 ఆంపియర్-అవర్లు. 20 ఆంపియర్లు లాగుతుంటే లెక్క ప్రకారం నలభై నిమిషాలు కూడా రాదు. ల్యాండింగ్ లైటు, పిటో హీటర్ కట్టేస్తే ఇంకాసేపు నిలుస్తుంది. పైలట్ ఆ నిర్ణయం సాధన చేయాలంటే ఒక్కో పరికరం ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో మోడల్‌లో రాసి ఉండాలి. బ్యాటరీ నీరసించేకొద్దీ, ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు బల్బు ఎర్రబడ్డట్టు, ప్యానెల్ లైట్లూ మసకబారాలి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం కరెంటుతో పనిలేని భాగాలు. ఈ ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి మాగ్నెటోలు, వాటికి బ్యాటరీ అక్కర్లేదు. విమానం ఎటు ఒరిగిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ వ్యాక్యూమ్ పంపుతో తిరుగుతుంది, మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్ కరెంటుతో. ఒకటి పోయినా ఇంకొకటి మిగలాలనే ఆ ఏర్పాటు. కరెంటు పోగానే ఇంజిన్ కూడా ఆగేలా రాసిన మోడల్ నేర్చుకునేవాడికి అబద్ధం నేర్పుతుంది. అలాంటి మోడల్ కన్నా అసలు లేకపోవడమే మేలు.

1959 నుంచి ఇంజనీర్లను తయారుచేస్తున్న కళాశాల ఉన్న ఊరు మనది. ఎలక్ట్రికల్ చదువుతున్న పిల్లలకు నా మాట ఒక్కటే: ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే ఒక చిన్న విమానం మాన్యువల్ తెరవండి, ఎలక్ట్రికల్ డయాగ్రమ్ చూసి ఏ పరికరం ఏ బస్ (కరెంటు పంచే లైను) మీద ఉందో రాసుకోండి, ఫ్లైట్‌గేర్‌లోని మోడల్‌తో పోల్చండి. తేడా కనిపిస్తే దిద్ది పంపండి.