విదేశీ అనుభవం ఎవరి పేరు మీద చెల్లుతుంది?

విదేశంలో ఇంటర్న్‌షిప్ చేసొస్తే ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందని మన పిల్లలకు చెబుతున్నారు. ఈ మాటను మేం పూర్తిగా కొట్టిపారెయ్యం. పరాయి దేశంలో పనిచేస్తే భాష, ధైర్యం, పరిచయాలు వస్తాయి. కానీ ఆ అనుభవం అందరి చేతిలోనూ ఒకే విలువ పలుకుతుందా?

ముందు వెళ్ళడం సంగతి. జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటే విమానం టికెట్టు, వీసా, గది అద్దె అన్నీ ఇంట్లోంచే రావాలి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో పత్తి, మిరప మీద వచ్చిన మిగులు భూమి ఉన్న కులాల పిల్లలకు అమెరికా చదువైంది. అదే పత్తి తీసిన, మిరపకాయలు కోసిన, తొడిమలు తుంచిన మాల మాదిగ తల్లులకు దినకూలే మిగిలింది. కోతల కాలంలో తల్లి వెంట చేలోకి నడిచిన పిల్ల పనిని ఏ బయోడేటా అనుభవంగా రాసుకోదు.

పోనీ, వెళ్ళొచ్చారనుకుందాం. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో అంబేద్కర్ 1913లో కొలంబియా వెళ్ళారు. 1917లో బరోడా కొలువులో చేరితే ఊళ్ళో ఉండడానికి గది దొరకలేదు. పార్శీ పేరుతో దిగిన సత్రం నుంచీ కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. కొలువు వదులుకోవాల్సొచ్చింది. ఆయనకు తక్కువైంది అర్హతా?

అది పాతకాలం అంటారేమో. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ప్రైవేటు కంపెనీలకు ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. సముద్రం దాటినా ఇంతే: కులవివక్షను నిషేధిస్తూ సియాటిల్ నగరం 2023లో చట్టం చెయ్యాల్సొచ్చింది.

అందుకే ‘ఎంప్లాయబిలిటీ’ అనే మాటను మేం అనుమానిస్తున్నాం. అది లోపమంతా కుర్రాడి మీదకి నెట్టి, ఉద్యోగమిచ్చేవాణ్ణి ప్రశ్నించకుండా వదిలేస్తుంది.

సర్కారు సాయం సంగతీ చూద్దాం. 2022 మార్గదర్శకాల ప్రకారం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు దేశం మొత్తానికి 125. అందులో ఎస్సీలకు 115. ఆ ఏడాదే భారత చరిత్ర, సంస్కృతి, సమాజం మీద పరిశోధనకు ఈ సాయం లేదన్నారు. 1916లో కొలంబియాలో భారతదేశపు కులాల మీద వ్యాసం చదివిన అంబేద్కర్ ఈ నిబంధన కింద దరఖాస్తు పెడితే ఏమయ్యేది?

మన పిల్లలు విదేశాలకు వెళ్ళాల్సిందే, ప్రభుత్వ ఖర్చుతో, నచ్చిన విషయం మీద. తిరిగొచ్చాక వాళ్ళ పేరు చూసి దరఖాస్తు పక్కన పడేసేవాడికి శిక్ష పడాల్సిందే. మొదటిది అడిగి రెండోది మరిచిపోతే, మనం అప్పుచేసి కొన్న టికెట్టు కులం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.