అచ్చు ఖరీదు

పాత కార్లున్న నలుగురం ఎక్కడ కలిసినా మాట చివరికి ధరల దగ్గరే ఆగుతుంది. ప్రీమియర్ పద్మినికి కొత్తగా పోయించిన డోర్ రబ్బరు ధర వినగానే "ఇంత ముక్కకు అంతా?" అంటారు. బాధ నిజమే. అయితే ఆ ధరలో రబ్బరు వంతు చాలా తక్కువ, పెద్ద వంతు అచ్చుదే.

ఒక లెక్క వేద్దాం. రేకు నొక్కే అచ్చుకు, అంటే డైకి, 10 లక్షలు అయిందనుకోండి. లక్ష ముక్కలు తీస్తే ఒక్కోదాని మీద పడేది 10 రూపాయలు. కొనేవాళ్లు 200 మందే అయితే తలా 5,000. రేకు, కూలి, పాలిష్ ఆపైన. ఆ 200 ముక్కలూ ఏడాదిలో అమ్ముడుపోవు. సరుకు గోడౌన్‌లో ఉన్నన్నాళ్లూ పెట్టుబడికి వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

బంపర్ సంగతి మరీ కష్టం. క్రోమ్ మెరవాలంటే దాని కింద రాగి, నికెల్ పూతలుండాలి. పూతలు లోతైన గీతల్ని దాచవు కాబట్టి ముందే ఉక్కును నున్నగా సానపట్టాలి. ప్లేటింగ్ తొట్టెల్లోని నీరు విషం. శుద్ధి చేయకుండా వదలకూడదు. ఆ ఖర్చూ బిల్లులోకే వస్తుంది.

బ్రిటన్‌లో ఎంజీబీ కారు అదృష్టం చేసుకుంది. 1962–80 మధ్య 5 లక్షలకు పైగా తయారయ్యాయి, డైలూ మిగిలాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988లో వాటితోనే కొత్త బాడీలు చేయడం మొదలుపెట్టింది. అయినా వెల్డింగ్ చేసేవారి కూలి ఈనాటిదే కదా! జర్మనీలో పోర్షా 959 కార్లు తయారైనవి 292. వాటి క్లచ్ లీవర్‌కు అచ్చు చేయించడం గిట్టదని ఉక్కు పొడిని లేజర్‌తో పొర మీద పొరగా కరిగించి 3డీ ప్రింట్ చేశారు. అచ్చు ఖర్చు తప్పింది గానీ పరీక్షల ఖర్చు తప్పలేదు: దాదాపు 3 టన్నుల భారం మోపి చూశారు, లోపల పగుళ్లున్నాయేమోనని స్కాన్ తీశారు.

ధర ఎక్కువని చౌక డోర్ రబ్బరు కొంటే అది మూలల్లో కుదురుగా కూర్చోదు. వాన నీళ్లు లోపలికి దిగి ఫ్లోర్ తుప్పు పడుతుంది. అప్పుడు టింకరింగ్‌కు అయ్యే ఖర్చు ముందు మంచి రబ్బరు ధర ఏపాటిది?

అందుకే చేసేవాళ్లతో బేరమాడటం కన్నా మనమే నలుగురం కూడి ఒకేసారి ఆర్డరిచ్చి, అడ్వాన్సు కట్టడం మేలు. కొనేవాళ్లు 200 నుంచి 400 అయితే తలా పడే అచ్చు ఖర్చు సగానికి తగ్గుతుంది. ఆర్డర్లు ఆగితే ఆ డై తుక్కు కింద తూకానికి పోతుంది. ఆ తర్వాత ఎంత డబ్బిస్తామన్నా ముక్క దొరకదు.