కృష్ణదేవరాయల యవసానవ్యాధి

విజయనగరసింహాసనమున 1509 మొదలు 1529 వఱకు విరాజిల్లిన శ్రీకృష్ణదేవరాయల కడపటి వ్యాధినిగూర్చి విచారించువారికి ముఖ్యాధారములు మూఁడు కలవు. పోర్చుగీసు దేశీయుఁడగు గుఱ్ఱపు వర్తకుఁడు నూనిజు వ్రాసిన వృత్తాంతము మొదటిది. పెద్దన పేరఁ బరఁగు చాటుపద్యము రెండవది. హొన్నేనహళ్లి శాసనము మూఁడవది. వీని బలాబలములు వేఱువేఱుగఁ బరిశీలింపఁదగును.

వ్యాధిని జెప్పినవాఁడు నూనిజు. రాయలు బెళగాముపై దండెత్త సన్నద్ధుఁడగుచుండఁగా గజ్జల నొప్పులచే మృతినొందెననియు, విజయనగర రాజులందఱు నట్టి వ్యాధిచేతనే మరణింతురనియు నాతఁడు వ్రాసెను. మరణానంతరము పదియేండ్లు నిండకమున్నే వ్రాయఁబడుటచే మొదటి వాక్యము నుపేక్షింపరాదు. రెండవది పరీక్షకు నిలువదు. విరూపాక్షరాయలు స్వపుత్రునిచేతనే హతుఁడయ్యెననియు, సాళువ నరసింహుని కొడుకులు సంహరింపఁబడిరనియు నాతఁడే చెప్పియున్నాఁడు. కావున నిందలి సర్వశబ్దము స్వవచనముచేతనే బాధితము. అది జనశ్రుతి యనవలెను.

మఱియు నొప్పి రోగలక్షణమే కాని రోగము కాదు. వంక్షణశూల యంత్రవృద్ధివలనఁ గలుగవచ్చును, విద్రధివలనఁ గలుగవచ్చును, అశ్మరివలననుం గలుగవచ్చును. ఇతర లక్షణములు తెలియక రోగనామమును నిర్దేశించుట వైద్యశాస్త్రమునకును సమ్మతము కాదు. కుమారుఁడగు తిరుమలరాయని మృతివలని శోకమే యీ వ్యాధికిఁ గారణమను తలంపును నిరాధారమే. బాలుని విషప్రయోగకథను, తిమ్మరసు శిక్షను నూనిజు వర్ణించెఁ గాని వానిని రాయల వ్యాధితో ముడిపెట్టలేదు. పౌర్వాపర్యమాత్రమునఁ గార్యకారణభావము సిద్ధింపదు.

ఇఁకఁ జాటుపద్యము. రాయలు తనకుఁ జేసిన సత్కారములను దలఁచి, ప్రభువును గోల్పోయియు బ్రదికియుంటినని కవి వగచుట యందలి విషయము. అది కరుణరసప్రధానము; వ్యాధిప్రసక్తి యందు లేదు, ఉండవలసిన పనియు లేదు. ఆ మౌనమునుబట్టి రాయలకు రోగమే లేదనుట రసస్వభావము నెఱుఁగకపోవుటయే యగును.

తుమకూరు మండలమునందలి హొన్నేనహళ్లిలోని కన్నడశాసనము 2021లో వెలుఁగులోనికి వచ్చినది. శకవర్షము 1451, విరోధి కార్తిక శుద్ధ పూర్ణిమ, చంద్రగ్రహణదినమున రాయలు గతించెనని దానివలనఁ దెలియుచున్నది. అది 1529 అక్టోబరు 17, ఆదివారము. దీనిచే మరణము 1530లో నని వ్రాయుటకుఁ దావు లేకపోయినది. అయినను శాసనము వ్యాధినిఁ జెప్పదు.

నూనిజు వృత్తాంతమునందే మఱియొక యంశము గమనింపఁదగినది. పదునెనిమిది నెలల కొడుకు రాజ్యభారమునకుఁ జాలఁడని, చంద్రగిరి దుర్గమందున్న తమ్ముఁడు అచ్యుతదేవరాయలకు రాజ్యము నొసఁగవలసినదిగా రాయలు మరణమునకు మున్ను నిర్దేశించెనట. ఇది సత్యమేని, వ్యాధి యాతని నాకస్మికముగాఁ గబళింపలేదనియు, వివేకము చెడకుండ రాజ్యవ్యవస్థ చేయఁదగిన వ్యవధి యొసఁగెననియు నూహింపవచ్చును. రోగనామముకంటె నీ యంశమే చరిత్రకు ముఖ్యము.

మరణదినము శాసనసిద్ధము, గజ్జల నొప్పి వృత్తాంతసిద్ధము, రోగనామము మాత్ర మసిద్ధము. పాఠ్యగ్రంథకర్త లింతవఱకే వ్రాసి విరమించుట యుచితము.