రసవిఘ్నము: ‘లాటరీ’ కథపై బాఠకుల యాగ్రహము

1948 సంవత్సరము జూను 26వ తేదీగల ‘న్యూయార్కర్’ పత్రికయందు షర్లీ జాక్సన్ అను నమెరికా రచయిత్రి వ్రాసిన ‘లాటరీ’ యను చిన్నకథ ప్రకటింపబడెను. ఆ వేసవిలో దానిని గూర్చి రచయిత్రికి 300లకు బైగా నుత్తరములు వచ్చెను. వానిలో దయతో వ్రాసినవి 13 మాత్రమే యనియు, నవియు నించుమించుగా మిత్రులు వ్రాసినవే యనియు నామె తరువాత నొక యుపన్యాసమున జెప్పుకొన్నది. కన్నతల్లియే కథ తమకు నచ్చలేదని మందలించుచు వ్రాసినదట! తక్కిన యుత్తరములందు దిగ్భ్రమయు, నూహాపోహలును, దిట్లును దప్ప వేఱేమియు లేవు. ఘోరకథలను జదివినవారు వెగటుపడుట క్రొత్తగాదు. కాని యా వెగటు యొక్క స్వరూపమును దెలుపు నింతటి సామగ్రి యొక్కచోట లభించుట యరుదు. కావున దీనిని మన యాలంకారికుల పరిభాషతో బరిశీలింప దలచితిని.

కథ యిది. ఇంచుమించు 300 మంది జనముగల యొక పల్లె. జూను 27వ తేదీ యుదయము. పూలు విరివిగా బూచియున్నవి. పిల్లలు రాళ్లు ప్రోగుచేయుచున్నారు. మగవారు వానలను గూర్చియు, ట్రాక్టరులను గూర్చియు, బన్నులను గూర్చియు మాటలాడుకొనుచున్నారు. సమ్మర్సు అనునతడు నల్లపెట్టెను దెచ్చును. ఇంటింటి పెద్దయు నొక్కొక చీటి తీయును. వంతు హచిన్సను కుటుంబమునకు వచ్చును. మరల నా యింటివారు చీటులు తీయగా నల్లచుక్క టెస్సీ యను నిల్లాలికి బడును. పాత్రలు కడుగుచు నాటి దినమునే మఱచి, యాలస్యముగా వచ్చి నవ్వులాడిన దామెయే. అంతట నూరివారందఱు రాళ్లెత్తుకొందురు. ఆమె పసికొడుకు డేవీ చేతిలో నెవరో కొన్ని గులకరాళ్లను బెట్టుదురు. ఒక రాయి యామె తలకు దగులును. జనము మీదబడుటతో గథ ముగియును.

పాఠకుల కోపమునకు హింసాధిక్యమే కారణమని తలచుట సులభము. అది నిలువదు. కథలో నెత్తుటిబొట్టు లేదు, మరణవర్ణనము లేదు. యుద్ధమును, మరణమును, నగరోపరోధమును నంకమున బ్రత్యక్షముగా జూపరాదనియు, బ్రవేశకములచే సూచింపవలెననియు నాట్యశాస్త్రము విధించినది. జాక్సను ఆ విధిని దెలియకయే పాటించినట్లున్నది. మఱి మన భారతమున భీముడు దుశ్శాసనుని ఱొమ్ము చీల్చి నెత్తురు ద్రావును. సౌప్తికమున నశ్వత్థామ నిద్రించుచున్నవారిని జంపును. తిక్కన యీ రెండింటిని దెనిగించెను. ఈ ఘట్టములకు రోసి పురాణము నడుమ లేచిపోయిన శ్రోతను నేనెఱుగను. ఏలయన, భీముని నెత్తుటి వెనుక సభలోని శపథము కలదు. అశ్వత్థామ కత్తి వెనుక దండ్రి చావు కలదు. హేతువు తెలిసినచోట జుగుప్స రౌద్రమునకు లోబడి యుండును. ‘లాటరీ’యందు హేతువు లేదు. ఊరి ముసలివాడు వార్నరు పంటకును దానికిని ముడిపెట్టు నొక సామెతను మాత్రము వల్లించును. తంతులో బెక్కు భాగములు పోయినవి. మొదటి పెట్టెయు బోయినది. రాళ్ల వాడుక మాత్రము నిలిచినది.

రసప్రతీతికి అభినవగుప్తుడు ఏడు విఘ్నములను జెప్పెను. వానిలో రెండవది, చూపబడిన భావమును దనదిగనో యితరునిదిగనో దేశకాలవిశేషములకు గట్టివేసి యనుభవించుట. భయానకమునకు ఆయన చూపిన యుదాహరణము శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని బాణమునకు వెఱచి పరుగిడు లేడి. ఆ భయము నాది గాదు, నీది గాదు, శత్రువుది గాదు. కావుననే మనము పరుగెత్తము, ఆస్వాదింతుము. ఇక ‘లాటరీ’ని జూడుడు. పత్రిక తేదీ 26, కథాదినము 27. చదువరికి అది ఱేపు! మఱియు నా పత్రిక యా దినములలో నిది కల్పితము, ఇది యథార్థము అని రచనలకు బేరు వేసి ప్రకటించెడిది కాదు. ఊరికి బేరు లేదు గాన నేయూరైనను గావచ్చును. ఇట్టి లాటరీలు ఎక్కడ జరుగునని పెక్కుమంది యడుగుటలో వింత లేదు.

మన శాస్త్రము ప్రకారము ఇది కవిదోషము గావలెను. లేదా పాఠకులు సహృదయులు గారనవలెను. ఈ రెండింటిని నేనంగీకరింపను. ప్రాచీనమైన యొక క్రూరాచారమును వర్తమానమున, దన యూరియందే నెలకొల్పి, పాఠకుల బ్రతుకులలోని నిష్ప్రయోజనమైన హింసను వారికి జూపి యదరగొట్టుటయే తన యాశయమని యామె 1948 జూలైలో నొక శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికకు దెలిపెను. వెర్మాంటు రాష్ట్రములోని నార్త్ బెన్నింగ్టను ఆమె నివాసము. శాస్త్రము విఘ్నమన్నదే యీమెకు సాధనము. మొదటి పఠనమున బుట్టునది రసము గాదు, లౌకికమైన త్రాసమే యని యొప్పుకొందును. ఉత్తరములన్నియు నా త్రాసమునుండి వచ్చినవే.

తుదిమలుపుతో బొంగు కథ యిది, తెలిసిన పిమ్మట చప్పబడునను నాక్షేపణ యొకటి కలదు. నేనును దొలుత నట్లే తలచితిని. రెండవమాఱు చదువగా భయము హెచ్చినది. రాళ్లు ప్రోగుచేయు పిల్లలు మొదటనే యున్నారు. తొలుత నది యాట యనుకొంటిని. టెస్సీతో జనవుగా మాటలాడిన డెలక్రాయి గృహిణియే చివర రెండుచేతులతో నెత్తవలసినంత పెద్ద రాతిని నేరుకొనును. ఆమె ముఖమున ద్వేషము లేదు. భయానకమచ్చటనే యున్నది. ఇంతకంటె గఠినమైనది మఱొకటి. వంతు తన యింటికి వచ్చినదని తెలియగానే టెస్సీ, పెండ్లియై వేఱింటికి బోయిన తన కూతురిని, నల్లునిని గూడ లెక్కలో జేర్చుడని కేకలు వేయును. తన గండము పలుచబడునని! మనము జాలిపడ బోయిన యామెయు నూరిలోనిదే యయ్యెను. కరుణమునకు గాలూనుటకు జోటు దొరకదు. తిట్లకు అసలు కారణము నాకిదియే యని తోచుచున్నది.

దక్షిణాఫ్రికా ప్రభుత్వము ఈ కథను నిషేధించినప్పుడు, వారైనను దీనిని గ్రహించిరని రచయిత్రి గర్వపడినదట. దూషించినవారును నొకవిధముగా గ్రహించినవారే. నన్ను గలవరపెట్టువారు వేఱు. ఇట్టి లాటరీలు ఎక్కడ జరుగునని యడిగినవారిలో గొందఱు, తాము పోయి చూడవచ్చునా యనియు నడిగిరి. వారికి గలిగినది భయము గాదు, జుగుప్స గాదు. దానిని ఏ స్థాయిభావమున జేర్పవలెనో యెంత యాలోచించినను నాకు దోపకున్నది.