కంచం పక్కన గ్లాసు

దోహాలో ఒక హోటల్ భోజనశాలలో ఆరేళ్లు పనిచేశాను. అక్కడ నేర్చుకున్నవాటిలో ఇంటిదాకా వెంట వచ్చింది ఒక్కటే: గుక్క నోట్లో పడగానే మింగేయకుండా కాసేపు ఆగడం.

కొత్తగా చేరినవాళ్లకు వైన్ రుచి చూడటం నేర్పేవారు. గ్లాసును తెల్ల గుడ్డ మీద వంచి రంగు చూడాలి. తిప్పి వాసన పట్టాలి. కొంచెం నోట్లోకి తీసుకుని, పెదాల సందులోంచి గాలి లాగి, నాలుకంతా తిరగనిచ్చి పక్కనున్న గిన్నెలో ఉమ్మేయాలి. ఆ తర్వాత రుచి ఎంతసేపు నిలిచిందో మనసులో లెక్కపెట్టుకోవాలి. రెండో రోజున మాకు నేర్పే ఆయన టానిన్ దగ్గర ఆగిపోయాడు. నోరు ఎండినట్టుంటుంది, చిగుళ్లు పట్టేసినట్టుంటుంది అని నాలుగు రకాలుగా చెప్పి చూశాడు. సగం మందికి అది చేదో పులుపో తేలలేదు. నాకు ఒక్క గుక్కతో తెలిసిపోయింది. అది వగరు. నేరేడుపళ్లు తిన్నాక నాలుకను పట్టేసేది, వక్క నమిలితే వచ్చేది. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్ మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది. నోట్లో జారుడు పోయి గరుకవుతుంది. చిన్నప్పుడు ఉగాది పచ్చడితోపాటే ఆ మాట మనకు అబ్బింది. రుచికి పేరు తెలిస్తే నాలుక దాన్ని తొందరగా గుర్తుపడుతుంది. ఆ తరగతిలో నాకు ఉపయోగపడిన చదువు అదే.

దోహా పక్కనే అల్ ఘర్రాఫాలో మాది విల్లా పార్టిషన్, అంటే పెద్ద ఇంటిని విడగొట్టిన వాటాల్లో ఒకటి. రెండు గదులు, ఒక చిన్న వంటిల్లు, వెనక తొట్లు పెట్టుకునేంత జాగా. అరబీలో ఘర్ఫ్ అంటే చేత్తోనో గరిటతోనో తోడుకోవడం. ఒకప్పుడు ఇక్కడి బావిలో నీళ్లు చేతికందేంత పైకి ఉండేవట, ఊరి పేరు దాన్నుంచే వచ్చిందంటారు. ఇప్పుడు వేసవిలో మేడ మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి. ఈ ఊళ్లో కంచం పక్కన ఏం పెట్టుకుంటామన్నది చిన్న విషయం కాదు.

మా ఇంట్లో వైన్ ఉండదు. ఖతర్‌లో 21 ఏళ్లు నిండిన ముస్లిమేతరులు అనుమతి కార్డు తీసుకుని, ఖతర్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ దుకాణంలో కొనుక్కుని, ఇంట్లో తాగవచ్చు. 2019 జనవరి 1 నుంచి దాని మీద నూరు శాతం ఎక్సైజ్ పన్ను పడింది. నేను ఆ కార్డు తీసుకోలేదు. డబ్బు ఒక కారణమే గానీ అసలు కారణం మా రాత్రి భోజనం.

హోటల్లో తరగతి కోసం తెరిచిన సీసాల ముందు, మాకు నేర్పే ఆయన్ని అడిగి, నా టిఫిన్ డబ్బా విప్పి, దేనికి ఏది నప్పుతుందో చూసేవాణ్ని. చారన్నం తిని ఎర్ర వైన్ తాగితే వైన్ చప్పబడిపోయింది. తాగేది తినేదానికంటే పులుపులో తగ్గకూడదన్నది ఆ విద్యలో మొదటి సూత్రం. ద్రాక్షలో ఉండే ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. చింతపండులోనూ అదే. రెండూ ఒక జాతి పులుపే అయినా చింతపండులో దాని మోతాదు చాలా ఎక్కువ, అందుకే చారు ముందు వైన్ నిలబడలేదు.

కారం దగ్గర ఇంకా కష్టం. మిరపలోని క్యాప్సైసిన్ నోటి నరాల్లో ఒక ద్వారాన్ని తెరుస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని గుర్తించింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకునే ద్వారం అది. అందుకే కారం తింటే మండినట్టుంటుంది. మద్యం తగిలితే అది ఇంకా తక్కువ వేడికే, ఒంటి వేడికే తెరుచుకుంటుంది. గుంటూరు కారం పడ్డ కోడికూర మీద ఘాటైన ఎర్ర వైన్ పోస్తే మంటలో నూనె పోసినట్టే. కాస్త తీపున్న చల్లటి రీస్లింగ్ తెల్ల వైన్ ఒక్కటి మా కోడి వేపుడుతో సర్దుకుంది. మిగతావాటిలో ఏదీ మా పప్పుకూ పులుసుకూ మేలు చేయలేదు. ఎవరింట్లో వాళ్లు ఏం తాగుతారో వాళ్ల ఇష్టం. తెలుగు భోజనానికి వైన్ జతకాదన్నది మాత్రం నా తీర్పు.

మరి జత ఏది? చూడటం, వాసన పట్టడం, ఆగడం అన్న ఆ పద్ధతినే ఇంట్లో ఉన్న గ్లాసుల మీద పెట్టాను.

మొదట లబన్. ఇక్కడి తెలుగువాళ్లకు మజ్జిగ అంటే అదే. మన మజ్జిగకంటే చిక్కన, ఉప్పుండదు, చిలికిన వెన్నవాసన ఉండదు. 2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఈ దేశంతో సంబంధాలు తెంచుకున్నప్పుడు సల్వా సరిహద్దు మూతపడింది. పాలూ లబనూ అప్పటిదాకా ఎక్కువగా ఆ దారినే సౌదీ నుంచి వచ్చేవి. వాటి బదులు తుర్కియే పాలు, ఐరాన్ సీసాలు వచ్చాయి. ఐరాన్ అంటే తుర్కియేవాళ్ల మజ్జిగ, ఉప్పేసి ఉంటుంది. మా ఆవిడ మొదటి గుక్క తాగి, "ఏమండీ, దీంట్లో కరివేపాకు ఒక్కటే తక్కువ" అంది. జూలైలో బలద్నా సంస్థ విమానాల్లో ఆవులను తెప్పించడం మొదలుపెట్టింది. అల్ ఖోర్ వైపు ఎడారిలో చల్లని కొట్టాల్లో వాటిని పెంచి, దేశానికి కావలసిన పాలు ఇక్కడే తీశారు. ఆ లబన్ గ్లాసులో పోసుకున్నప్పుడల్లా నాకు ఆ జూన్ గుర్తొస్తుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన లబన్‌కు రుచి ఉండదు. చలి నాలుకను మొద్దుబారుస్తుంది, వాసనను అణిచేస్తుంది. పావుగంట బయట ఉంచి, ఒక వంతు లబన్‌కు రెండు వంతుల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం వేస్తే అప్పుడది మజ్జిగవుతుంది. పాలలోని కేసీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుపోతుంది కనుక ఆవకాయన్నానికి దీన్ని మించింది లేదు. కాకరకాయ వేపుడు ఉన్నరోజు ఉప్పు ఒక చిటికెడు ఎక్కువ వేస్తాను, ఉప్పు చేదును తగ్గిస్తుంది. దొండకాయ వేపుడుకు చిక్కగా, పప్పుకు పల్చగా.

శుక్రవారం చేపలు. ఇక్కడ కనద్ అని అమ్మేది మన వంజరమే. దాన్ని పులుసు పెట్టినరోజు లబన్ తీయం. "చేపల పులుసు తిన్న నోటితో మజ్జిగేంట్రా" అని అమ్మ ఫోన్లో ఇప్పటికీ అంటుంది, ఆ మాట దాటలేదు. ఆ రోజుకు లూమి. ఉప్పునీళ్లలో ఉడికించి, నల్లబడేదాకా ఎండబెట్టిన నిమ్మకాయ అది. గల్ఫ్‌వాళ్లు మచ్బూస్ అనే మసాలా అన్నంలో వేస్తారు. ఒక కాయ చితక్కొట్టి, గింజలు తీసేసి, అయిదు నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి తాగితే పులుపుతోపాటు కాస్త పొగవాసన ఉంటుంది. నీచు తెంపేస్తుంది. గింజలు ఉంచితే చేదెక్కుతుంది, మొదటిసారి నేను అలాగే పాడుచేసుకున్నాను.

ఎర్ర వైన్ స్థానంలో మాత్రం చాలాకాలం ఏదీ కుదరలేదు. మాంసం కూరలోని కొవ్వును కోయడానికి పులుపూ వగరూ రెండూ ఉన్న గ్లాసు కావాలి. అది మా పెరటి తొట్లో దొరికింది.

ఎండలు తగ్గాక ఆకుకూరలు వేసుకోవడం ఇక్కడ చాలా ఇళ్లలో అలవాటు. మేం ఎర్ర కాడల గోంగూర వేశాం. తెలంగాణవాళ్లు పుంటికూర అంటారు. ఒక నవంబరులో ఊరికి వెళ్లి వచ్చేసరికి ఆకు ముదిరి, మొక్క పూసి ఉంది. పూరేకులు రాలిపోయాయి, కాయ చుట్టూ ఎర్రటి దళాలు మాత్రం గిన్నెలా ముడుచుకుని ఉన్నాయి. పీకేద్దామని కొమ్మ పట్టుకుంటే, మా ఇంటికొచ్చిన సూడాన్ మిత్రుడు, హోటల్లో నాతో పనిచేసినవాడు, నా చెయ్యి పట్టుకున్నాడు. "అఖీ, ఇది కర్కదే!" అన్నాడు. తొట్లో మొక్కను చూసి ఇంటిని తలుచుకున్న ముఖం అది.

సూడాన్‌లో, ఈజిప్టులో అతిథి వస్తే ఇచ్చే ఎర్ర పానీయం కర్కదే. మనం ఆకు వండుకునే మొక్కకు వాళ్లు పూల దళాలు ఎండబెట్టుకుంటారు. ఆకు కోసం పెంచే రకంలో దళాలు పల్చగా ఉంటాయి, వాళ్ల రకంలో కండగా ఉంటాయి. మొక్క జాతి మాత్రం ఒకటే. లీటరు చన్నీళ్లలో ఒక గుప్పెడు ఎండు దళాలు రాత్రంతా నానబెడతాను. మరిగిస్తే వగరు మోటుగా దిగుతుంది. చక్కెర వేయను. తెల్ల గుడ్డ మీద గ్లాసు వంచితే అంచున కాస్త గులాబీ, మధ్యన నేరేడు రంగు. హోటల్లో ఏ సీసాకైనా చేసిన పనే చేశాను. నోట్లో తిప్పి మింగి లెక్కపెడితే ఏడుదాకా నిలిచింది.

వేటమాంసం కూరకు ఇదే సరిజోడు. నేతి పప్పుకూ, బంగాళాదుంప వేపుడుకూ కూడా బాగుంటుంది. గోంగూర పప్పుకు పనికిరాదు, రెండు పులుపులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అది మూడుసార్లు చూసి రాస్తున్నాను.

ఇంట్లో ఎర్ర కాడల గోంగూర వేసుకునేవాళ్లకు ఒక మనవి. పూత వచ్చిందని మొక్క పీకేయకండి. కాయ పచ్చిగా ఉండగానే ఎర్ర దళాలు ఒలిచి, నీడన ఆరబెట్టి, గాజు సీసాలో వేసి పెట్టుకోండి.