ఎదురుమాటకూ సాధన కావాలి

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది, ఆ పక్కనే బిట్స్ పిలానీ క్యాంపస్, తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ కంపెనీలు. ఆ గేట్లు దాటితే నడిచేదంతా ఇంగ్లిషే. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది కూడా.

అయినా ఫైనలియర్ పిల్లలతో గ్రూప్ డిస్కషన్ చేయిస్తుంటే నాకు బెంగగా ఉంటుంది. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి చకచకా మార్చేస్తారు. పక్కవాడు తప్పు చెబుతున్నాడని తెలిసినా నోరు మాత్రం పెగలదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకేమో, ఈ పిల్లలకి సబ్జెక్టు రాదనిపిస్తుంది.

చర్చలో ఎదుటివాడి మాట ఒప్పుకోవడానికి ‘ఎస్ సర్’ ఒక్కటే సరిపోదు. పూర్తిగా నచ్చితే ‘ఎగ్జాక్ట్‌లీ’. సగమే నచ్చితే ‘ఐ అగ్రీ, అప్ టు ఎ పాయింట్’. నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, అవతలివాడి మర్యాద నిలుస్తుంది, మన మాటకూ దారి దొరుకుతుంది. అనుమానముంటే ‘యూ ఆర్ రాంగ్’ అని మీద పడక్కర్లేదు. ‘ఐయామ్ నాట్ సో ష్యూర్ అబౌట్ దట్’ అని, వెంటనే కారణం చెప్పాలి. కారణం లేని అనుమానాన్ని ఎవరూ పట్టించుకోరు.

అసలు కష్టం అవతలివాడి మోటుమాట దగ్గర. ఒకసారి శామీర్‌పేట చెరువు మీద చర్చ పెట్టాను. ఆ దగ్గరి ఊరమ్మాయే లేచి, చెరువులోకి నీళ్లొచ్చే కాలువలకు వెంచర్లు అడ్డొస్తే ఏమవుతుందో చెబుతోంది. ఒకబ్బాయి నవ్వి ‘వాట్ ఇంగ్లిష్ ఈజ్ దిస్?’ అన్నాడు. ‘సారీ’ అని కూర్చుంది. తప్పు చేసిందెవరు, సారీ చెప్పిందెవరు? ‘ప్లీజ్ లెట్ మీ ఫినిష్’ అనే మాటను ఆమె చేత పదేపదే పలికించాను. గొంతు పెంచకుండా, తల దించకుండా. మళ్లీ చర్చ పెట్టినప్పుడు వాడు నోరు తెరవగానే ఆ మాట అనేసింది, చెరువు సంగతి చివరిదాకా చెప్పింది. ఆమె చెప్పిందాంట్లో పస ఉంది. గ్రామర్ తప్పులూ ఉన్నాయి, అవి తర్వాత దిద్దుకోవచ్చు.

జేఎన్‌టీయూ సిలబస్‌లో ఇంగ్లిష్ ల్యాబ్ ఎలాగూ ఉంది. లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. వారంలో ఒక్క పీరియడ్ హెడ్‌ఫోన్లు తీయించి, పిల్లల్ని ఇద్దరిద్దరిగా ఎదురెదురు కూర్చోబెట్టి వాదించుకోనివ్వండి.